ప్లాస్టిక్ బంతికి ఏ బ్లేడ్ నప్పుతుంది?

టేబుల్ టెన్నిస్ హాళ్లలో పదేళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది. సెల్యులాయిడ్ బంతితో ఆడి, ఉద్యోగాల్లో పడి ఆట మానేసి, మళ్లీ బ్యాట్ పట్టినవాళ్లు ‘నా లూప్ మునుపటిలా టేబుల్ మీద దిగడం లేదు, బ్లేడ్ మార్చాలా?’ అంటారు. పిల్లల్ని అకాడమీలో చేర్చిన అమ్మానాన్నలు ‘ప్లాస్టిక్ బంతికి కార్బన్ బ్లేడే కావాలట, కొనమంటారా సార్?’ అని కోచ్‌ని అడుగుతారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబు కావాలంటే బంతి దగ్గర మొదలుపెట్టి చెక్క దాకా రావాలి. బంతిలో ఏం తగ్గిందో తెలిస్తేనే బ్లేడ్‌లో ఏం వెతకాలో తెలుస్తుంది.

బ్యాట్ నుంచి రెండు రబ్బర్లూ తీసేస్తే మిగిలేదే బ్లేడ్. రబ్బరు కొన్ని నెలల్లో అరుగుతుంది, మారుస్తాం. బ్లేడ్ ఏళ్ల తరబడి చేతిలో ఉంటుంది. చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది. అందుకే ఈ ఎంపికలో తొందర పనికిరాదు.

అసలు బంతిని ఎందుకు మార్చారు?

సెల్యులాయిడ్‌ను నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిపి తయారుచేస్తారు. పాత బంతి పగిలినప్పుడు ముక్కను వాసన చూసినవాళ్లకు ఆ కర్పూరం వాసన గుర్తుండే ఉంటుంది. నిప్పు తగిలితే భగ్గున మండే పదార్థం అది. ఫ్యాక్టరీలో చెయ్యడం ప్రమాదం, విమానంలో పంపాలంటే ఆంక్షలు. ఈ కారణాలు చూపి అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీటీఎఫ్, 2014 జులై 1 నుంచి ప్లాస్టిక్ బంతిని తన పోటీల్లోకి తెచ్చింది. ఆ బంతితో జరిగిన మొదటి ఒలింపిక్స్ 2016 నాటి రియో ఒలింపిక్స్.

దీనికి ముందూ ఒక పెద్ద మార్పు జరిగింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ అయ్యాక బంతి వ్యాసాన్ని 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెంచారు, బరువు 2.5 గ్రాముల నుంచి 2.7 గ్రాములకు పెరిగింది. ఆట వేగం కాస్త తగ్గి, చూసేవాళ్లకు ర్యాలీ కంటికి ఆనాలన్నది అప్పటి ఆలోచన. అంటే పద్నాలుగేళ్లలో బంతి రెండుసార్లు మారింది. రెండుసార్లూ దెబ్బ తిన్నది స్పిన్నే.

తొలి ప్లాస్టిక్ బంతుల మీద ఫిర్యాదులు చాలా వచ్చాయి. త్వరగా పగిలేవి, ఒక కంపెనీ బంతికీ మరో కంపెనీ బంతికీ పొంతన ఉండేది కాదు. తర్వాత ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసిన బంతులు వచ్చాక పరిస్థితి కుదుటపడింది. ఇప్పుడు పెద్ద పోటీల్లో వాడే త్రీస్టార్ బంతులు ఎక్కువగా ఈ రకమే. వాటి మీద ‘40+’ అని అచ్చు వేసి ఉంటుంది.

కొత్త బంతిలో తేడా ఎంత?

ఆ ప్లస్ గుర్తుకు అర్థం ఉంది. సెల్యులాయిడ్ బంతి 39.5 నుంచి 40.5 మిల్లీమీటర్ల మధ్య ఎంతున్నా చెల్లేది. ప్లాస్టిక్ బంతికి కనీస వ్యాసమే 40.0, గరిష్ఠం 40.6. బరువు మాత్రం పాతదే, 2.67 నుంచి 2.77 గ్రాములు. పెరిగింది వెంట్రుకవాసే అయినా చెయ్యి దాన్ని పసిగడుతుంది.

ఎందుకో చిన్న లెక్కతో చూడవచ్చు. బంతి లోపల బోలు, బరువంతా పెంకులోనే ఉంటుంది. అలాంటి బంతిని ఒకే బలంతో రాసి తిప్పితే, వ్యాసం ఎంత శాతం పెరిగితే తిరిగే వేగం దాదాపు అంత శాతం తగ్గుతుంది. బరువు పెరిగితే ఇంకా తగ్గుతుంది. 38 నుంచి 40కి మారినప్పుడు వ్యాసం, బరువు రెండూ కలిసి అదే రాపిడికి స్పిన్‌ను సుమారు 12 శాతం తగ్గించాయని ఈ లెక్క చెబుతుంది. 40 నుంచి 40+కి మారినప్పుడు వ్యాసం వల్ల తగ్గింది ఒకటి, రెండు శాతమే. కానీ పదార్థం మారడం దానికి తోడైంది. ప్లాస్టిక్ పెంకు గట్టిగా తగులుతుందని, రబ్బరు దాన్ని సెల్యులాయిడ్ అంత పట్టుకోదని రెండూ ఆడినవాళ్లు చెబుతారు.

దీని ఫలితాలు టేబుల్ మీద మూడు చోట్ల కనిపిస్తాయి. మొదటిది, టాప్‌స్పిన్ బంతి ఒంపు తిరిగి కిందికి దిగడం తగ్గింది. తిరిగే బంతిని గాలే కిందికి వంచుతుంది, స్పిన్ తగ్గితే ఆ వంపూ తగ్గుతుంది. పాత అలవాటుతో కొట్టిన లూప్, అంటే బలమైన టాప్‌స్పిన్ దెబ్బ, అంచు దాటి పోవడానికి ఇదొక ముఖ్య కారణం. రెండోది, బంతి పెద్దదైన కొద్దీ గాలి దాన్ని ఎక్కువ ఆపుతుంది. టేబుల్‌కి రెండు మూడు మీటర్ల వెనక నుంచి కొట్టిన బంతి అవతలి వైపు చేరేసరికి నీరసపడుతుంది. మూడోది, ప్రత్యర్థి స్పిన్ కూడా తగ్గింది కాబట్టి బ్లాక్ చెయ్యడం, ఎదురు కొట్టడం తేలికైంది. టేబుల్ దగ్గరే నిలబడి వేగంగా ఇచ్చిపుచ్చుకునే ఆట పెరిగింది. దూరం నుంచి చాప్ చేసే డిఫెండర్ల పని కష్టమైంది.

ఇక్కడి నుంచి బ్లేడ్ కథ మొదలవుతుంది. ఒక పక్క నీరసపడే బంతికి ఊపు కావాలి, మరో పక్క తగ్గిన స్పిన్‌ను తిరిగి పుట్టించడానికి బంతి బ్యాట్ మీద పట్టు దొరికేంతసేపు ఆగాలి. ఊపు కోసం బ్లేడ్ బిగువుగా ఉండాలి, పట్టు కోసం మెత్తగా వంగాలి. ఈ రెండు కోరికలూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ప్లాస్టిక్ బంతికి బ్లేడ్ ఎంచుకోవడమంటే మీ ఆటకు తగినట్టు వీటిని సర్దుకోవడమే.

రబ్బరు కప్పేసిన చెక్కకు బంతితో పనేమిటి?

బంతి తాకేది రబ్బరునే, నిజమే. తాకి ఉండే సమయమూ సుమారు సెకనులో వెయ్యో వంతే. అయినా ఆ క్షణంలో ఎంత లోతుకు దిగుతుందన్నదే కీలకం. నెట్ దగ్గర చిన్నగా పుష్ చేస్తే బంతి పైరబ్బరు దాటి లోపలికి పోదు. బలంగా లూప్ కొడితే దాని కింది స్పాంజి పూర్తిగా నలిగి, దెబ్బ చెక్క దాకా చేరుతుంది. అప్పుడు చెక్క కొద్దిగా వంగి, కంపించి, తిరిగి నిలుస్తుంది. ఆ వంగడంలో ఎంత శక్తి బంతికి తిరిగి ఇచ్చింది, ఎంత తనలో ఇంకించుకుంది అన్నదే బ్లేడ్ గుణం.

బిగువైన బ్లేడ్ తక్కువ వంగుతుంది, ఎక్కువ తిరిగి ఇస్తుంది, బంతి త్వరగా, చదునుగా పోతుంది. మెత్తటి బ్లేడ్ బంతిని ఒక పిసరు ఎక్కువ నిలుపుతుంది. రాయడానికి వీలిస్తుంది, ఒంపు ఎక్కువ ఇస్తుంది, దూరం మాత్రం తగ్గుతుంది. మంచి బ్లేడ్ నెమ్మది దెబ్బకు నెమ్మదిగా, గట్టి దెబ్బకు గట్టిగా జవాబివ్వాలి.

ఏ చెక్క ఏం చేస్తుంది?

బ్లేడ్ ఒకే చెక్క కాదు. బేసి సంఖ్యలో, సాధారణంగా ఐదు లేదా ఏడు పొరలను జిగురుతో అతికిస్తారు. నడుమ ఉండే మందమైన పొర గుండెకాయ లాంటిది. కిరి అనే తేలికైన తూర్పు ఆసియా చెక్కను గానీ, ఆఫ్రికాలో పెరిగే అయూస్‌ను గానీ దానికి ఎక్కువగా వాడతారు. కిరి బరువు తగ్గిస్తుంది, ఊపునిస్తుంది. అయూస్ కాస్త బరువు, దెబ్బ నిండుగా తగులుతుంది.

చిన్న దెబ్బల స్వభావాన్ని ఎక్కువగా నిర్ణయించేది పైపొర. లింబా మెత్తన, బంతిని పట్టుకున్నట్టు ఉంటుంది, లూప్ ఆటకు ఇష్టమైన చెక్క. కోటో గట్టిది, బంతి చురుగ్గా వదులుతుంది. జపాన్ హినోకి మెత్తగా ఉంటూనే లోతైన ఊపునిస్తుంది.

పొరలు పెరిగే కొద్దీ దెబ్బ నిండుతుంది. స్టిగా ఆల్‌రౌండ్ క్లాసిక్, యసాకా స్వీడన్ ఎక్స్‌ట్రా, బటర్‌ఫ్లై ప్రిమొరాక్ లాంటివి ఐదు పొరల చెక్క బ్లేడ్లు. స్టిగా క్లిప్పర్ ఏడు పొరలది. ఏడు పొరల బ్లేడ్ గట్టి దెబ్బకు లొంగదు, బ్లాక్‌లో స్థిరంగా ఉంటుంది, బరువు మాత్రం ఎక్కువ.

కార్బన్ ఎందుకు? అది ఎక్కడ ఉండాలి?

నిబంధన ప్రకారం బ్లేడ్ మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కే ఉండాలి. పొరల మధ్య జిగురులో కార్బన్, గాజు లాంటి పీచును చేర్చవచ్చు గానీ, ఆ ఒక్కో పొర మొత్తం మందంలో 7.5 శాతం లేదా 0.35 మిల్లీమీటర్లు, ఏది తక్కువైతే అది దాటకూడదు. ఇంత పలుచని పొర కూడా బ్లేడ్‌ను పూర్తిగా మార్చేస్తుంది. బిగువు పెంచుతుంది, అనవసరపు కంపనం తగ్గిస్తుంది. బంతి సరిగ్గా నడిమధ్య కాకుండా పక్కకు తగిలినా వేగం పెద్దగా పడిపోకుండా చూస్తుంది. ఆ చివరి గుణమే పోటీ ఆటగాళ్లకు అన్నిటికన్నా విలువైనది.

వట్టి కార్బన్ దెబ్బ చాలామందికి కరుకుగా అనిపిస్తుంది. అందుకే దాన్ని ఆరిలేట్ అనే మరో పీచుతో కలిపి నేస్తారు. దీన్నే ఏఎల్‌సీ అంటారు. ఆరిలేట్ కంపనాన్ని ఇంకించుకుని దెబ్బను మృదువు చేస్తుంది.

పీచు ఏ చోట ఉందన్నది దాని రకం కన్నా ముఖ్యం. పైపొర కిందనే ఉంటే దాన్ని అవుటర్ అంటారు. మామూలు దెబ్బ కూడా పీచును తాకుతుంది, బంతి వెంటనే దూకుతుంది. నడిమి చెక్కను ఆనుకుని ఉంటే ఇన్నర్. అప్పుడు చిన్న దెబ్బలకు అది దాదాపు చెక్క బ్లేడ్‌లా పనిచేస్తుంది, బలంగా కొట్టినప్పుడే పీచు మేల్కొంటుంది. బటర్‌ఫ్లై విస్కారియా అవుటర్ రకం. అదే కంపెనీ ఇన్నర్‌ఫోర్స్ వరుస, చైనా ఆటగాడు మా లాంగ్ పేరిట వచ్చిన డీహెచ్ఎస్ హరికేన్ లాంగ్ 5 ఇన్నర్ రకం. ఇందాక చెప్పిన ఊపు, పట్టు అనే రెండు కోరికలనూ ఒకే బ్లేడ్‌లో సర్దే ప్రయత్నమే ఇన్నర్. ప్లాస్టిక్ బంతి కాలంలో దానికి ఇంత ఆదరణ అందుకే.

అయితే అందరూ కార్బన్ కొనాల్సిందేనా?

అక్కర్లేదు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట.

కొత్త బంతి ప్రధానంగా పోగొట్టింది స్పిన్‌ను. స్పిన్ చేతి ఊపులోంచి, నడుము తిప్పడంలోంచి, బంతిని చివరి క్షణంలో పలుచగా రాయడంలోంచి వస్తుంది. బ్లేడ్ దాన్ని తనంతట తాను పుట్టించదు. వేగం మరీ ఎక్కువైన బ్లేడ్ చేతికొస్తే మామూలు ఆటగాడు ఏం చేస్తాడో ఏ హాల్లోనైనా చూడవచ్చు. మొదటి రెండు మూడు బంతులు అంచు దాటి పోతాయి. దాంతో తెలియకుండానే ఊపు కుదించుకుంటాడు. చెయ్యి సగంలో ఆగుతుంది, బంతిని రాయడం మాని తోస్తాడు. స్పిన్ ఇంకా తగ్గుతుంది, స్పిన్ తగ్గాక బంతి మళ్లీ బయటికే పోతుంది. బ్లేడ్ మార్చాక వారం వారం ఆట వెనక్కి పోతుంటే కారణం ఇక్కడుంది.

అందుకని కొలత ఒక్కటే పెట్టుకోండి. పూర్తి ఊపుతో కొట్టిన లూప్ పదిలో ఏడెనిమిది సార్లు టేబుల్ మీద పడేంత వేగమే మీ బ్లేడ్‌కు ఉండాలి. ఆ హద్దులో ఎంత వేగమైనదైనా తీసుకోవచ్చు, హద్దు దాటితే ఎంత పేరున్నదైనా మీకు వద్దు.

ఎవరికి ఏది?

కొత్తగా నేర్చుకునే పిల్లలకు, పెద్దలకు ఐదు పొరల ఆల్‌రౌండ్ చెక్క బ్లేడ్ సరిపోతుంది. తప్పు కొడితే తప్పని, ఒప్పు కొడితే ఒప్పని చేతికి చెప్పే బ్లేడ్ అదే. కోచ్ చెప్పే మాటలు ఇంకేది చేతికి అర్థమయ్యేలా చెప్పగలదు? చిన్న పిల్లల విషయంలో బరువు కూడా చూడాలి. మణికట్టు మోయలేని బ్యాట్‌తో ఊపు పాడవుతుంది.

రెండు వైపులా లూప్ కొట్టగలిగి, జిల్లా స్థాయి పోటీలకు వెళ్తున్నవాళ్లు వేగమైన ఐదు పొరల చెక్క గానీ, ఇన్నర్ ఏఎల్‌సీ గానీ తీసుకోవచ్చు. టేబుల్ వదలకుండా బ్లాక్ చేస్తూ, అదను చూసి చదునుగా కొట్టే ఆటకు ఏడు పొరల చెక్క బాగా నప్పుతుంది. స్పిన్ తగ్గిన బంతి ఈ ఆటకు కలిసొచ్చింది కూడా. రోజూ గంటల తరబడి సాధన చేస్తూ, ఊపు స్థిరపడి, టేబుల్ దగ్గరే ఎదురుదాడి చేసేవాళ్లకు అవుటర్ ఏఎల్‌సీ న్యాయం చేస్తుంది.

డిఫెండర్ల లెక్క వేరు. వాళ్లకు తల కాస్త పెద్దగా ఉండే, నెమ్మదైన, వంగే చెక్క కావాలి. చాప్‌లో స్పిన్ తగ్గింది కాబట్టి ఇప్పటి డిఫెండర్ కేవలం తిప్పి పంపుతూ గెలవడం కష్టం, ఫోర్‌హ్యాండ్‌తో దాడి చెయ్యాల్సిందే. అందువల్ల మరీ నెమ్మదైన పాతకాలపు డిఫెన్స్ బ్లేడ్ కన్నా, ఒక మెట్టు వేగమైనది ఎంచుకోవడం మేలు. ఒక వైపు లాంగ్ పింపుల్స్ వేసుకునేవాళ్లకు కూడా చాలా సందర్భాల్లో బిగువు తక్కువైన చెక్కే అదుపునిస్తుంది.

మందం, బరువు, పిడి ఎలా చూసుకోవాలి?

మందం చిన్న అంకెల్లో మారుతుంది, ప్రభావం పెద్దది. పలక బిగువు మందం ఘనంతో పెరుగుతుంది. చెక్కలు అవే అయితే 5.5 మిల్లీమీటర్ల బ్లేడ్‌ను 6 మిల్లీమీటర్లు చేస్తే బిగువు సుమారు 30 శాతం పెరుగుతుంది. అందుకే పెట్టె మీద మందం చదవకుండా కొనవద్దు. పెట్టె మీదే ఉండే ‘వేగం’, ‘కంట్రోల్’ అంకెలను మాత్రం ఒకే కంపెనీ బ్లేడ్ల మధ్య పోల్చడానికే వాడండి. ఒక కంపెనీ తొమ్మిది, మరో కంపెనీ తొమ్మిది ఒకటి కావు.

బరువు విషయంలో ఎక్కువ బ్లేడ్లు 80 నుంచి 95 గ్రాముల మధ్య ఉంటాయి. రెండు రబ్బర్లూ అతికాక బ్యాట్ మొత్తం 170 నుంచి 190 గ్రాముల దాకా వస్తుంది. బరువైన బ్యాట్ బంతిని గట్టిగా నెడుతుంది, కానీ మూడో గేమ్‌కు భుజం బరువెక్కుతుంది. ప్లాస్టిక్ బంతితో ర్యాలీలు పొడుగయ్యాయి, ఫోర్‌హ్యాండ్ నుంచి బ్యాక్‌హ్యాండ్‌కు త్వరగా మారాలి. కాబట్టి మీ చివరి గేమ్‌లో కూడా తేలిగ్గా తిరిగే బరువే మీ బరువు.

పిడి సంగతి అరచేతికి వదిలేయండి. అడుగున వెడల్పయ్యే ఫ్లేర్డ్ పిడి చేతిలో జారదు, చాలామంది వాడేది ఇదే. పట్టు మార్చుకుంటూ ఆడేవాళ్లు స్ట్రెయిట్ పిడిని ఇష్టపడతారు. చెమట ఎక్కువ పట్టే చేతికి పిడి లావు, సన్నం తేడా చాలా తెలుస్తుంది. పట్టుకుని చూడకుండా తేల్చవద్దు.

దుకాణంలో చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి?

ముందు అంచు చూడండి. బ్లేడ్‌ను వెలుతురు వైపు అడ్డంగా పట్టుకుంటే పొరలు గీతల్లా కనిపిస్తాయి. నడుమ లేత రంగు మందపాటి చారే ప్రధాన చెక్క. నల్లటి సన్నని గీత ఉంటే అది కార్బన్ పీచు కావచ్చు. కొన్ని కంపెనీలు చెక్క పొరకే ముదురు రంగు వేస్తాయి కాబట్టి రంగు ఒక్కదాన్నే నమ్మకుండా పెట్టె మీది వివరం చదవండి. ఆ గీత పైఅంచుకు దగ్గరగా ఉంటే అవుటర్, నడిమి చారను ఆనుకుని ఉంటే ఇన్నర్. పొరల మధ్య ఎక్కడైనా సందు కనిపిస్తే ఆ ముక్క వద్దనండి.

తర్వాత ముఖం చూడండి. పైచెక్క నారలు పిడి నుంచి తల వైపు నిలువుగా సాగాలి, ముడులు, పగుళ్లు ఉండకూడదు. పిడి అంచు బయటికి ఉండేలా గాజు పలక మీద బోర్లించి నాలుగు వైపులా నొక్కితే ఊగకూడదు. ఊగితే చెక్క వంకర తిరిగిందని అర్థం. బ్లేడ్ చదునుగా, బిగువుగా ఉండాలన్నది నిబంధన కూడా.

ఇప్పుడు చప్పుడు వినండి. పిడి చివరను రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, తల నడిమధ్యన బంతితో తట్టండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి విన్నట్టే ఇదీ. కంగుమని ఎత్తు స్వరం పలికితే బ్లేడ్ బిగువు, బొంగురుగా పలికితే మెత్తన. ఒకే మోడల్ బ్లేడ్లు రెండు మూడు తట్టి చూస్తే వాటి మధ్య కూడా తేడా వినిపిస్తుంది. ఈ స్వరాన్ని ఫోన్‌లో యాప్‌తో కొలిచేవాళ్లూ ఉన్నారు. చివరగా తూకం వెయ్యమనండి. ఒకే మోడల్‌లో రెండు ముక్కల మధ్య ఐదారు గ్రాముల తేడా మామూలే. మీకు కావలసిన బరువు ముందే చెబితే మంచి దుకాణదారు వెతికి ఇస్తాడు.

రబ్బరుతో జోడీ ఎలా కుదర్చాలి?

రబ్బరు ఆటను ఎంత మార్చగలదో ప్రపంచం మొదట చూసింది మన దేశంలోనే. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జపాన్ ఆటగాడు హిరోజి సటోహ్ మందపాటి స్పాంజి బ్యాట్‌తో సింగిల్స్ గెలిచి అందరినీ ఆశ్చర్యపరిచాడు. ఇప్పుడు స్పాంజి, పైరబ్బరు, జిగురు అన్నీ కలిపి ఒక వైపు 4 మిల్లీమీటర్లు దాటకూడదన్న నిబంధన ఉంది.

జోడీకి సూత్రం తేలికే. బిగువు బ్లేడ్‌కు కాస్త మెత్తటి స్పాంజి, మెత్తటి చెక్కకు కాస్త గట్టి స్పాంజి. రెండూ గట్టివైతే నెమ్మది దెబ్బలు చేతిలో నిలవవు, రెండూ మెత్తనైతే గట్టి దెబ్బ అడుక్కి మునిగి ఊపు పోతుంది. ప్లాస్టిక్ బంతి మీద పట్టు కోసం మొదట డబ్బు పెట్టాల్సింది కొత్త రబ్బరు మీద. అరిగిన రబ్బరుతో లూప్ దిగడం లేదని బ్లేడ్ మార్చినవాళ్లు రెండిందాలా నష్టపోతారు.

టేబుల్ దగ్గర ఎలా పరీక్షించాలి?

వీలైతే స్నేహితుడి బ్లేడ్ ఒక సాయంత్రం అడిగి తీసుకోండి. మీరు పోటీలో ఆడే త్రీస్టార్ బంతితోనే పరీక్షించండి, కలగాపులగం బంతులతో వద్దు. నాలుగు పనులు చెయ్యండి. నెట్ దగ్గర చిన్న పుష్ ఆడి, అవతలి వైపు రెండోసారి కూడా టేబుల్ మీదే పడేలా ఆపగలరేమో చూడండి. ఎదుటివారి లూప్‌ను పది సార్లు బ్లాక్ చెయ్యండి. బ్యాక్‌స్పిన్ బంతిని నెమ్మదిగా, ఎక్కువ స్పిన్‌తో ఎత్తండి. చివరగా రెండు అడుగులు వెనక్కి వేసి పూర్తి ఊపుతో ఎదురు కొట్టండి. మొదటి మూడూ కుదిరి నాలుగోది నీరసంగా ఉంటే ఒక మెట్టు వేగం పెంచవచ్చు. నాలుగోది అద్భుతంగా ఉండి మొదటి మూడూ చెడితే ఆ బ్లేడ్ మీది కాదు. మ్యాచ్‌లో పుష్, బ్లాక్, మొదటి లూప్ దాటకుండా నాలుగో దెబ్బ దాకా వెళ్లే పాయింట్లు తక్కువ.

పాత బ్లేడ్ పారేయాలా?

విస్కారియా 1993లో వచ్చింది, అంటే 38 మిల్లీమీటర్ల బంతి రోజుల్లో. 2012 లండన్ ఒలింపిక్స్ చాంపియన్ జాంగ్ జికే దానితోనే పేరు తెచ్చుకున్నాడు, అప్పటికి బంతి 40 మిల్లీమీటర్ల సెల్యులాయిడ్. ప్లాస్టిక్ వచ్చాక మరో చైనా ఆటగాడు ఫాన్ జెండాంగ్ కూడా ఏళ్ల తరబడి అదే మోడల్ వాడాడు. బంతి మారినా మంచి బ్లేడ్ చేతిలోనే ఉంటుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ 1998లో పుట్టారు. ఆమె బాల్యం సెల్యులాయిడ్ బంతి కాలం, ప్లాస్టిక్ బంతి వచ్చేనాటికి దాదాపు పదహారేళ్లు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమె ప్రీక్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లారు. బంతి మధ్యలో మారిన తరం వాళ్లు నిలిచింది సాధనతో, దెబ్బను కొత్త బంతికి సరిదిద్దుకోవడంతో.

కాబట్టి మీ పాత ఐదు పొరల బ్లేడ్ అంచులు ఊడకుండా, వంకర పోకుండా ఉంటే ముందు దానికి కొత్త రబ్బర్లు వెయ్యండి. రెండు నెలలు ఊపు పెంచి, బంతిని కాస్త ముందుగా, కాస్త పైభాగంలో రాయడం సాధన చెయ్యండి. అప్పటికీ వెనక నుంచి కొట్టిన బంతి నీరసపడుతుంటేనే కొత్తది కొనండి.

మన తేమలో ఎలా కాపాడుకోవాలి?

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో చెక్కకు తేమే శత్రువు. చెక్క తేమ పీల్చితే బరువెక్కుతుంది, చప్పుడు బొంగురుపోతుంది, దెబ్బ మొద్దుబారుతుంది. కొత్త బ్లేడ్‌కు రబ్బరు అతికించే ముందు నీటి ఆధారిత వార్నిష్ ఒక పలుచని పూత వెయ్యండి, పూర్తిగా ఆరాకే జిగురు రాయండి. రబ్బరు మార్చేటప్పుడు పైచెక్క నారలు ఊడిరాకుండా ఈ పూత కాపాడుతుంది. రబ్బరును ఎప్పుడూ ఒక పక్క నుంచి మెల్లగా, చెక్క నారకు అడ్డంగా లాగండి. నార వెంట గబుక్కున లాగితే లింబా లాంటి మెత్తటి పొర పీచులుగా లేచిపోతుంది. బ్యాట్‌ను ఎండలో నిలిపిన కారులో, బండి డిక్కీలో వదిలేయకండి. ఆట అయ్యాక పిడి చెమట తుడిచి కవర్‌లో పెట్టండి.

కొనబోయేవారికి చివరి మాట. ముందు కొత్త రబ్బరు, తర్వాత సాధన, ఆ తర్వాతే కొత్త బ్లేడ్. బ్లేడ్ దాకా వచ్చినప్పుడు మీ పూర్తి ఊపును భరించి, బంతిని టేబుల్ మీదే దించే దాన్ని తీసుకోండి. ఇంకా నేర్చుకుంటున్నవాళ్లలో ఎక్కువమందికి అది ఐదు పొరల చెక్కే. పిల్లలకైతే కార్బన్ బ్లేడ్ డబ్బును మరో ఏడాది శిక్షణకు, పెట్టెడు మంచి త్రీస్టార్ బంతులకు పెట్టండి.